ఏడు నెలల పాప, కింది చిగుళ్ళు ఉబ్బాయి, రాత్రంతా ఏడుపే. మీరేం చేశారు?

బుజ్జమ్మ_వాళ్ళమ్మ | మంగళవారం, రాత్రి 2:47

ఈ టైముకి మేలుకొని ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఒక మాట చెప్పండి. పాపకి ఏడు నెలలు నిండి వారమైంది. బరువు 7.4 కిలోలు. నాలుగు రోజులుగా చొంగ ఆగడం లేదు, గంటకో గుడ్డ మారుస్తున్నాను. ఏది దొరికితే అది నోట్లోకే. టీవీ రిమోట్, నా మంగళసూత్రం, నిన్న వాళ్ళ నాన్న భుజం. పగలు బాగానే ఆడుకుంటుంది, రాత్రి పన్నెండు దాటితే మొదలు. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి, చిగుళ్ళతో కొరికి, వదిలేసి ఏడుస్తుంది. ఇందాక ఫోన్ టార్చ్ వేసి చూస్తే కింద ముందువైపు ఎర్రగా ఉబ్బి, లోపల బియ్యపు గింజ దాచిపెట్టినట్టు తెల్లగా కనిపించింది. చంకలో థర్మామీటర్ పెడితే 99.4.

అత్తయ్యగారు తేనెలో వసకొమ్ము అరగదీసి నాకించమంటున్నారు. మా ఆయన మెడికల్ షాపు నుంచి నోటి జెల్ తెచ్చారు. నేనింకా ఏదీ పెట్టలేదు. పొద్దున్నే ఆఫీసు. టెన్షన్‌గా ఉంది.

గోదారి_పిల్ల | మంగళవారం, రాత్రి 3:02

నేనూ మేలుకొనే ఉన్నానండి, మావాడికి ఇప్పుడు పై పళ్ళ వంతు.

జెల్ సంగతి తర్వాత, ముందు గుడ్డ సంగతి చెప్తాను. పాత నేత చీర ఉంటే తీయండి, ఉతికి ఉతికి మెత్తబడినదై ఉండాలి. జానెడు ముక్క కోసి, పోగులు ఊడి గొంతులోకి పోకుండా అంచులు మడిచి కుట్టండి. మరిగించి చల్లార్చిన నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. నేనొకసారి అందులో పెట్టి మర్చిపోయాను. అప్పడాల కర్రలా బిగుసుకుపోయింది, వాడి పెదవికి అంటుకుంది, ఇద్దరం కలిసి ఏడ్చాం.

చల్లబడ్డాక తాడులా మెలిపెట్టి ఒక కొస మీ చేతిలో ఉంచుకుని రెండో కొస నోటికి అందించండి. కొరకడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ చల్లదనానికి చిగుళ్ళు కాసేపు మొద్దుబారతాయి. ఇలాంటివి ఆరు ముక్కలు కుట్టుకుంటే రాత్రికి సరిపోతాయి. వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు.

ఈ రాత్రికి ఫ్రిజ్‌లో గుడ్డ లేదు కదా, అయితే వేలే గతి. గోరు తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కొని, ఉబ్బిన చోట చూపుడు వేలితో కొంచెం బలంగానే ఒత్తండి. నెమ్మదిగా రాస్తే ఇంకా చిరాకు పడతారు. మొదట మొహం తిప్పేసుకుంటుంది, అర నిమిషం ఆగండి, తర్వాత మీ వేలు తనే పట్టుకుంటుంది.

బుజ్జమ్మ_వాళ్ళమ్మ | మంగళవారం, రాత్రి 3:31

వేలు పట్టుకుంది! ఏడుపు ఆపి నన్నే చూస్తూ నములుతోంది. ఒంటి చేత్తో టైపు చేస్తున్నాను.

నూజివీడు_బామ్మ | మంగళవారం, ఉదయం 5:50

ఏమ్మా, ఇంత చిన్నదానికి రాత్రంతా మేలుకోవాలా? నేను ముగ్గురు పిల్లల్ని, ఐదుగురు మనవల్ని పెంచాను. పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే. పన్ను బయటికొస్తే అవే పోతాయి. ఎండు ఖర్జూరం కాయకి దారం కట్టి చేతికిస్తే పొద్దంతా చప్పరిస్తూ కూర్చునేవాళ్ళు. వస, తేనె కలిపి నాకిస్తే మాటలు కూడా తొందరగా వస్తాయి. మీ అత్తగారు చెప్పింది సరైనదే.

పిల్లల_డాక్టర్ | మంగళవారం, ఉదయం 7:15

బామ్మగారూ, మీ అనుభవం ముందు నాది చిన్నదే, కానీ తేనె దగ్గర మాత్రం ఒప్పుకోలేను. ఏడాది నిండని పిల్లలకి తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. పిల్ల మెతకబడిపోతుంది, పాలు పీల్చలేదు, ఒక్కోసారి ఊపిరి కూడా తీసుకోలేదు. ఇది అరుదే, కానీ తేనె మానేస్తే అసలు ఆ బాధే లేదు. వసకొమ్ము సంగతీ అంతే. అందులోని ఒక పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకాన్ని నిషేధించారు. అరగదీసేటప్పుడు ఎంత దిగుతుందో లెక్క ఉండదు. వస నాకించాక వాంతులతో వచ్చిన పసిపిల్లల్ని నేను చూశాను.

ఇక జెల్. మన దగ్గర దొరికే నోటి జెల్‌లలో ఎక్కువగా కోలిన్ సాలిసిలేట్ ఉంటుంది, కొన్నింట్లో మొద్దుబార్చే మందు లిగ్నోకైన్. మొదటిది ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. బ్రిటన్‌లో 2009 నుంచి 16 ఏళ్ళ లోపు వాళ్ళకి ఇది వద్దంటున్నారు. లిగ్నోకైన్ పసిపిల్లలు మింగితే గొంతు మొద్దుబారి పాలు పొలమారవచ్చు, డోసు ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు. పైగా ఇంత చొంగలో జెల్ రెండు నిమిషాలు కూడా చిగుళ్ళ మీద నిలవదు, పొట్టలోకే పోతుంది. మీవారు తెచ్చినది పెద్దవాళ్ళ నోటి పుండ్లకి దాచుకోండి.

99.4 జ్వరం కాదు. పళ్ళు వచ్చేటప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడటం నిజమే. 2016లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణలో అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. తేలింది ఇదీ: చిగుళ్ళ సలపరం, చిరాకు, చొంగ ఎక్కువ, వేడి కొద్దిగా పెరుగుతుంది కానీ జ్వరం దాకా పోదు. 100.4 దాటిందంటే కారణం ఇంకెక్కడో ఉంది, వెతకాలి. ఆరో నెల తర్వాత తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోతుంది, అదే సమయంలో పిల్ల నేల మీది ప్రతి వస్తువూ నోట్లో పెడుతుంది. జబ్బులూ పళ్ళూ ఒకే నెలల్లో వస్తాయి కాబట్టి నింద పళ్ళ మీద పడుతోంది.

బుజ్జమ్మ_వాళ్ళమ్మ | మంగళవారం, ఉదయం 8:40

చాలా థాంక్స్ డాక్టర్‌గారూ. అత్తయ్యగారికి చదివి వినిపించాను. "మరి మీ ఆయన్ని ఎలా పెంచాననుకున్నావు?" అన్నారు, కానీ తేనె సీసా పై అటక ఎక్కింది. మరీ ఏడ్చినప్పుడు పారాసిటమాల్ వెయ్యొచ్చా? ఇంట్లో చుక్కల మందూ ఉంది, సిరప్పూ ఉంది.

పిల్లల_డాక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

గుడ్డ, వేలు, ఒడి అన్నీ అయిపోయి, రాత్రి నిద్ర లేకపోతే ఒక డోసు వేయొచ్చు. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మీ పాపకి 74 నుంచి 111 మధ్య. మళ్ళీ వేయాలంటే కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి, రోజుకి నాలుగు సార్లు దాటకూడదు. వరసగా రెండు మూడు రోజులు వేయాల్సి వస్తోందంటే మీ డాక్టర్‌కి చూపించండి. రోజూ అలవాటుగా వేసే మందు కాదిది.

ఇప్పుడు అసలు ప్రమాదం. మన దగ్గర చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటర్‌కే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 120, 125 లేదా 250. అంటే మీ పాపకి చుక్కలైతే ఒక మిల్లీలీటర్ చాలు. నిద్రమత్తులో సిరప్ అనుకుని చుక్కల మందు ఐదు మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ళ మాత్ర ఒకటి మింగించినట్టే. రెండు సీసాల్లో ఒకటి ఇవాళే ఇంట్లోంచి తీసేయండి. ఉంచినదాని లేబుల్ చదివి, మీ డాక్టర్‌తో ఒకసారి సరిచూసుకుని, ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. రాత్రి మూడింటికి లెక్కలు కుదరవు.

డల్లాస్_శీను | మంగళవారం, రాత్రి 9:05

ఇక్కడ మా పెద్దదానికి పళ్ళొచ్చినప్పుడు చిగుళ్ళు మొద్దుబార్చే బెంజోకైన్ జెల్ షాపులో అలమారా నిండా ఉండేది. 2018లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండేళ్ళ లోపు పిల్లలకి పళ్ళ నొప్పికి అది అమ్మవద్దని కంపెనీలకి చెప్పింది. దాని వల్ల రక్తం ఆక్సిజన్ మోయలేని పరిస్థితి వస్తుందట, పెదవులు నీలంగా మారతాయట. అదే ఏడాది పళ్ళు వచ్చేటప్పుడు పిల్లల మెడలో వేసే దండల మీద కూడా హెచ్చరించారు, అదే ఆ అంబర్ పూసలు. మెడకి బిగుసుకుని ప్రాణం పోయిన కేసు ఉంది, పూస గొంతులో పడిన కేసూ ఉంది. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు మాకు వస పూసల కంకణం తెచ్చారు. ఫోటోకి కట్టి, తీసి దేవుడి గూట్లో పెట్టాం.

గుంటూరు_మేనమామ | మంగళవారం, రాత్రి 10:12

ఒక్క విషయం, కింది పళ్ళే ముందు వస్తున్నాయి కదా? పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండం. మా అక్క కొడుక్కి పైవే ముందొచ్చాయి. ఇంట్లో గోల. శాంతి చేయించారు, నా చేత వెండి గిన్నె కొనిపించారు. వాడికిప్పుడు పదహారేళ్ళు. గండం అంటూ వచ్చిందంటే వాడి ఇంటర్ ఫీజు రూపంలోనే వచ్చింది.

పిల్లల_డాక్టర్ | మంగళవారం, రాత్రి 10:30

మామూలుగా కింది ముందు పళ్ళు రెండూ, తర్వాత పైవి. వరస తప్పితే పిల్లకేమీ కాదు. మేనమామల గురించి మా పుస్తకాల్లో రాయలేదు.

ఓరుగల్లు_అమ్మ | మంగళవారం, రాత్రి 11:18

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, కానీ "విరేచనాలు మామూలే" అన్న మాట చూసి ఆగలేకపోయాను. బామ్మగారిని తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో కూడా అందరం అదే అన్నాం.

మా పెద్దోడికి తొమ్మిదో నెల. చొంగ, చిగుళ్ళు కొరకడం, అన్నీ ఉన్నాయి. ఆదివారం మోషన్స్ మొదలైనయ్. రోజుకి ఎనిమిది, పది. మా అత్తమ్మ పళ్ళ విరేచనాలు అంది. మా వీధిలో ఆర్ఎంపీ కూడా అదే మాట అని ఏదో పొడి ఇచ్చిండు. విరేచనాలు ఆగాలంటే నీళ్ళు తగ్గించాలని ఎవరో చెప్తే పాలు కూడా తగ్గించాను. ఇప్పటికీ ఆ ముక్క గుర్తొస్తే కడుపులో తిప్పుతది. మంగళవారం పొద్దున డైపర్ విప్పితే పొడిగా ఉంది. నేను సంతోషపడ్డాను, మోషన్ తగ్గిందనుకొని. మూత్రం కూడా లేదన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. మధ్యాహ్నం వాడు ఏడుస్తుంటే మా చెల్లె అడిగింది, "అక్కా, వీడికి కన్నీళ్ళు రావట్లేదేంది?" అని. అప్పుడు చెయ్యి పెట్టి చూస్తే నడినెత్తి గుంటపడి ఉంది, వేలు పట్టేంత.

హాస్పిటల్‌లో నరం దొరకడానికే అరగంట పట్టింది. రెండు రోజులు సెలైన్. ఇంకొంచెం ఆలస్యమైతే అని డాక్టరమ్మ మాట మింగేసింది. అది వైరస్ విరేచనాలట. పన్నుకీ దానికీ సంబంధం లేదు.

ఆ పన్ను వచ్చింది ఇంకో ఐదు వారాలకి.

గోదారి_పిల్ల | మంగళవారం, రాత్రి 11:40

చదివి ఒళ్ళు జలదరించింది. బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

ఓరుగల్లు_అమ్మ | మంగళవారం, రాత్రి 11:44

రెండో క్లాసు. ముందు పళ్ళు ఊడి బోసి నవ్వు నవ్వుతుండు.

పిల్లల_డాక్టర్ | బుధవారం, ఉదయం 7:02

పై పోస్ట్ ఒకటి చాలు, నేను రాసిందంతా మర్చిపోయినా ఫర్వాలేదు. చొంగ మింగడం వల్ల దొడ్డికి కాస్త పలచగా అవుతుందని తల్లులు చెప్తుంటారు, రోజుకి ఒకటో రెండో అలా అయితే గమనిస్తూ ఉండండి. నీళ్ళ విరేచనాలు మూడు దాటాయంటే పళ్ళని మర్చిపోండి. తల్లిపాలు ఆపకూడదు, ఇంకా ఎక్కువసార్లు పట్టాలి. విరేచనం అయిన ప్రతిసారీ ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ప్యాకెట్ మొత్తం దాని మీద రాసిన కొలత నీళ్ళలో ఒకేసారి కలపాలి, చిటికెడు చిటికెడు కాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకి జింక్ రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఆరేడు గంటలుగా మూత్రం లేకపోయినా, కన్నీళ్ళు రాకపోయినా, నడినెత్తి లోపలికి పోయినా, పిల్ల మగతగా ఉన్నా ఆన్‌లైన్‌లో అడగొద్దు, ఆటో ఎక్కండి.

పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కి టీకా ప్రభుత్వ కార్యక్రమంలో 2016లో మొదలైనప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేస్తారు. మీ పాప కార్డులో ఉందో లేదో చూసుకోండి.

నూజివీడు_బామ్మ | బుధవారం, ఉదయం 8:30

ఓరుగల్లు తల్లీ, చదివాను. మా రెండోవాడికి కూడా ఒకసారి నడినెత్తి అలాగే పడింది. అప్పుడు దిష్టి అనుకున్నాం. దేవుడి దయ, వాడు దక్కాడు. ఇన్నేళ్ళుగా అది దిష్టే అనుకుంటున్నాను.

ఎండు ఖర్జూరం కూడా తప్పేనా డాక్టరుబాబూ? అదైనా ఉంచండి.

పిల్లల_డాక్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1:45

చప్పరించి చప్పరించి మెత్తబడ్డాక ముక్క ఊడి గొంతులో పడుతుంది బామ్మగారూ, దారం మెడకి చుట్టుకుంటుంది. పచ్చి క్యారెట్, ఆపిల్ ముక్కలు కూడా వద్దు. ఘనాహారం మొదలుపెట్టారు కాబట్టి చల్లటి పెరుగు, మెత్తగా చిదిమిన అరటిపండు, చల్లారిన రాగి జావ పెట్టొచ్చు. నొప్పిగా ఉన్నప్పుడు వేడివేడి అన్నం కంటే చల్లవే ఇష్టపడతారు.

ఏటి_ఒడ్డు | బుధవారం, సాయంత్రం 6:20

బొమ్మల గురించి ఎవరూ చెప్పలేదే. మాది అనకాపల్లి వైపు, ఏటికొప్పాక దగ్గర. అక్కడ అంకుడు కర్రతో గిలక్కాయలు తిప్పుతారు, లక్కలో సహజ రంగులు కలిపి పూస్తారు. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొంత వస్తువన్న ముద్ర కూడా వచ్చింది. మా పిల్లలిద్దరూ వాటినే కొరికారు. అయితే పిల్ల నోట్లో పెట్టే దానికి రంగు లేని సాదా కర్రదే అడగండి, నున్నగా ఉందో లేదో బుగ్గకి రాసి చూడండి. పెచ్చు లేచిందంటే పారేయడమే. కొండపల్లి బొమ్మలు మాత్రం అలమారాలోకే. తెల్ల పొణికి చాలా మెత్తటి కర్ర, పైన పెయింటు. పళ్ళు దిగితే రెండూ నోట్లోకొస్తాయి.

నీళ్ళు నింపిన ప్లాస్టిక్ టీథర్ (పిల్లలు కొరికే బొమ్మ) ఒకటి మా ఆడపడుచు తెచ్చింది. వారానికే చిల్లి పడింది. గట్టి సిలికాన్‌దైతే నయం.

హారిక_కొత్తమ్మ | బుధవారం, రాత్రి 10:50

కొరుకుడు గురించి అడగొచ్చా? మావాడికి రెండు పళ్ళు వచ్చేశాయి. నిన్న రక్తం వచ్చింది. పాలు మాన్పించేద్దామా అనిపిస్తోంది.

గోదారి_పిల్ల | బుధవారం, రాత్రి 11:15

మాన్పించకండి, ఇది నాలుగైదు రోజుల గొడవ. గట్టిగా పీలుస్తున్నప్పుడు కొరకలేరు, నాలుక కింది పళ్ళ మీద ఉంటుంది. కడుపు నిండి ఆటలకి దిగినప్పుడే కొరుకుతారు. మింగే చప్పుడు ఆగి, కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయంటే అదే టైము, అప్పుడే తీసేయండి. కొరికేశాక లాగొద్దు, ఇంకా తెగుతుంది. చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ళ మధ్యకి పోనిచ్చి పట్టు విడిపించండి. కేక పెట్టొద్దు. నేను కేక పెడితే మావాడికి అదొక ఆటైపోయింది, మళ్ళీ కేక వినాలని కొరికేవాడు. పాలు పట్టే ముందు చల్ల గుడ్డ రెండు నిమిషాలు నమిలిస్తే కసి అక్కడ తీరిపోతుంది.

చొంగకి గడ్డం కింద ఎర్రగా పొక్కితే తుడవకండి, అద్దండి. రాత్రి పడుకోబెట్టే ముందు కొబ్బరి నూనె.

నైట్‌షిఫ్ట్_నాన్న | గురువారం, రాత్రి 1:33

నా వంతు చెప్తాను. గుడ్డా వేలూ పనిచేయని రాత్రి, చొక్కా విప్పి పాపని ఛాతీకి ఆనించుకుని వంటింట్లో తిరుగుతాను. ఫ్రిజ్ మూలుగుతుంటుంది కదా, దాని పక్కన నిలబడితే తొందరగా నిద్రపోతుంది. కారణం తెలియదు. మూడు వారాలుగా మా ఫ్రిజ్ మీది అయస్కాంతాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. డాక్టర్‌గారూ, ఇది ఎన్నాళ్ళు?

పిల్లల_డాక్టర్ | గురువారం, ఉదయం 7:10

ఒక్కో పన్నుకీ కష్టకాలం సుమారు ఎనిమిది రోజులు. బయటపడడానికి ముందు నాలుగు, ఆ రోజు, తర్వాత మూడు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో 125 మంది పిల్లల్ని రోజూ గమనించి చెప్పిన లెక్క ఇది. మూడు వారాలుగా రోజూ ఏడుస్తోందంటే చెవులు ఒకసారి చూపించండి. చెవి లాక్కుంటోందా?

నైట్‌షిఫ్ట్_నాన్న | గురువారం, ఉదయం 7:41

లాక్కుంటోంది. కుడిది. పళ్ళకే అనుకున్నాం.

సాయంత్రానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

బుజ్జమ్మ_వాళ్ళమ్మ | శనివారం, ఉదయం 9:25

వచ్చేసింది! పొద్దున్న అత్తయ్యగారు స్టీలు చెంచాతో రాగి జావ పెడుతుంటే టింగ్‌మని చప్పుడైంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మళ్ళీ చెంచా పెట్టాం, మళ్ళీ టింగ్. వేలు పెడితే రంపం అంచులా తగులుతోంది. కింది ఎడమది. రాత్రి ఆరు గంటలు ఏకధాటిగా పడుకుంది, ఊపిరాడుతోందో లేదో అని నేనే రెండుసార్లు లేచి చూశాను.

పాత నేత చీర అత్తయ్యగారిదే. ఆవిడే కోసి, ఎనిమిది ముక్కలు కుట్టారు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారంతో అంచు. వస సంగతి ఎత్తలేదు. జెల్ మా ఆయన నోటి పూతకి వాడుతున్నారు.

ఈ పన్నుని ఎలా తోమాలి? తోమాలా అసలు?

పిల్లల_డాక్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:05

ఇవాళ్టి నుంచే. మెత్తటి చిన్న బ్రష్, బియ్యపు గింజంత పేస్టు, రోజుకి రెండుసార్లు. పుట్టినరోజు లోపల ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపించండి.

నైట్‌షిఫ్ట్_నాన్న | శనివారం, రాత్రి 11:58

మాది చెవి ఇన్ఫెక్షన్. మందు మొదలుపెట్టి రెండు రోజులైంది, పడుకుంది. నేను మాత్రం అలవాటు కొద్దీ ఫ్రిజ్ పక్కనే నిలబడి ఇది టైపు చేస్తున్నాను.